నాలుక మాట, చెవి మాట

హవానాలో నేను మొదటిసారి భోజనానికి కూర్చున్న రోజు సంగతి చెబుతాను.

సముద్రపు ఒడ్డున పాత మేడ. గోడల రంగు పొలుసులు పొలుసులుగా లేచిపోయి ఉంది. పైన పంకా తిరగాలా వద్దా అని ఆలోచిస్తోంది. తెల్లచొక్కా వేసుకున్న మనిషి వచ్చి నా చేతిలో వంటకాల పేర్లున్న మూరెడు పొడుగు అట్ట పెట్టాడు. రొయ్యలున్నాయా అన్నాను. లేవన్నాడు. చేప? లేదు. మేక? అదీ లేదు. నేను వేలితో ఒక్కొక్క వరసే దిగుతుంటే అతను తల అడ్డంగా ఊపుకుంటూ నాతోపాటే దిగాడు. అట్ట అడుక్కి చేరాక, "మరేముంది బాబూ?" అన్నాను. కోడి ఉందన్నాడు. సరే, అదే పట్రా అన్నాను. గంటంపావు తర్వాత కోడి వచ్చింది. పక్కన గిన్నెతో బోర్లించిన అన్నం, నల్లగింజల పప్పు, అరటిపండు వేపుడు. కొంచెం కారం ఉందా అని అడిగాను. కోడికి మూడో కాలు అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఈ కథ పదిహేనేళ్ళు చెప్పాను. చెప్పిన కొద్దీ పంకా పాతబడింది, అట్ట పొడుగైంది. మా రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మనవాళ్ళ పిల్లలు నన్ను 'క్యూబా తాత' అనేవారు.

ఇక నిజం. హవానా నేను చూడలేదు. అసలు ఓడే ఎక్కలేదు. నేను దాటిన నీళ్ళంటూ ఉంటే, రంగూన్ నదికి అవతలి దలాకి పోయే పడవలో దాటినవే. అందులోనూ ఒకసారి వాంతి చేసుకున్నాను. లమ్మడా పేటలో ఉల్లిపాయల గోడౌన్‌లో బస్తాలు ఎక్కించి దింపించే పని చేసి ముసలివాణ్ణయ్యాను. ఆ మేడ, ఆ పంకా, లేని రొయ్యలు, ఉన్న కోడి, అన్నీ మరొక మనిషివి. ఆయన నోట్లోంచి నేను ఎత్తుకొచ్చుకున్నవి.

ఆ మనిషి పోయిన నెల పోయాడు. పదకొండో రోజు భోజనాలకి మూడొందల మంది వచ్చారు. అంటే, వంద. సరే, నాతో కలిపి నలభై. పజుండౌంగ్ పేటలో మెట్ల కింద ఉన్న ఆయన నాలుగు బల్లల అన్నం కొట్టులో అంతకన్నా పట్టరు.

ఆయనని అందరం భండారి మావ అనేవాళ్ళం. ఓడలో జనానికి వంట చేసేవాణ్ణి భండారి అంటారు. ఒళ్ళు సన్నం, చేతులు మాత్రం పడవ తెడ్లంత. నేలమీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు, పొయ్యి ఎప్పుడు ఏ పక్కకి ఒరుగుతుందో అన్నట్టు. చేసిన వంట రుచి చూసేవాడు కాదు. మూత తీసి, గిన్నెని వదిలేసి, మూత లోపలివైపు వాసన చూసేవాడు. "గిన్నె అబద్ధమాడతాదిరా, మూత ఆడదు" అనేవాడు. తర్వాత గరిటతో గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టేవాడు. ఆ మూడో చప్పుడు వినపడితే వీధి చివర ఉన్నవాడు కూడా చేతులు కడుక్కోవచ్చు.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. ఏ సంగతైనా రెండు అరల్లో ఏదో ఒక దాన్లో పెట్టాల్సిందే. తను తిన్నదైతే నాలిక మాట. ఎవరో చెప్పగా విన్నదైతే సెవి మాట. ఒక అరలోది రెండో అరలోకి పోనిచ్చేవాడు కాదు.

"మావా, మాండలేలో మామిడిపళ్ళు బాగుంటాయటగా?"

"సెవి మాట. నానెల్లలేదు."

"రేపు వర్షమట."

"సెవి మాట."

"మావా, నీ చారు అమృతం."

"అమ్రుతం నువ్వెక్కడ తాగినావురా? బాగుందను. సాలు."

ఆయన ఎక్కిన సరుకుల ఓడ ఇంజను చెడి హవానా రేవులో నలభై రోజులు కట్టేసి ఉంది. ఆ నలభై రోజులే ఆయన జీవితంలో సొంత చేతివంట తినకుండా గడిచినవి. ఎన్ని దేశాలు తిరిగినా ఆయన చెప్పేది మాత్రం ఆ ఊరి తిండి గురించే. "మిగతా ఊళ్ళలో నాను వండి పెట్టినానురా. ఆ ఊరు నాకు పెట్టింది" అనేవాడు.

చెప్పేటప్పుడు కళ్ళు మూసుకునేవాడు. సర్కారు హోటల్లో అట్ట చూడొద్దు, ఈరోజు ఏముందని అడుగు. లేదంటే కోపం తెచ్చుకోకు, ఆళ్ళకీ దొరకదు. హడావుడి పడకు, పొయ్యి అప్పుడే ముట్టిస్తారు. మంచి తిండి కావాలంటే ఇళ్ళకి పో. ముందు గదిలో నాలుగు కుర్చీలేసి ఇంటావిడే వండి పెడతాది. కోడీ పందీ తప్ప గొప్ప మాంసాలు రోజూ ఉండవు. ఎల్లుల్లీ, పుల్ల నారింజ రసం దేనిమీదైనా పోస్తారు. కర్రపెండలం ఉడకబెట్టి దానిమీద అదే పోస్తే, "ఒరే, మనూరి కర్రపెండలం ఇన్నాళ్ళూ ఉత్తినే సచ్చిపోతంది అనిపించింది" అనేవాడు. పచ్చి అరటికాయ ముక్క ఒకసారి వేయించి, పిడికిలితో అణిచి, మళ్ళీ వేయిస్తారు. ఇది చెప్పేటప్పుడు ఆ పెద్ద పిడికిలి బల్లమీద గుద్దేవాడు. నా టీ కప్పు ఎగిరిపడేది. కారం ఉండదు, ఊరగాయ తీసికెళ్ళు. కాఫీ గుక్కెడే ఇస్తారు గానీ అందులో పంచదార మాత్రం చెరకు తోటంత.

నేను రోజూ మధ్యాహ్నం అక్కడే తినేవాణ్ణి. వింటూ వింటూ, ఒకరోజు మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒక పెళ్ళిలో, పక్క కుర్చీవాడు విసుగ్గా కూర్చుంటే, "నేను హవానాలో ఉన్నప్పుడు..." అన్నాను. వాడు నావైపు తిరిగాడు. వాడి పక్కవాడూ తిరిగాడు. జీవితంలో నావైపు ఇద్దరు మనుషులు ఒకేసారి తిరగడం అదే మొదలు. ఇక వెనక్కి రాలేకపోయాను.

ఇక నారాయణమ్మ వదిన సంగతి. మింగళ తౌంగ్‌న్యున్‌లో రైలు పట్టాల వైపు ఉంటుంది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, ఓడలో ఇంజను పని. అయిదేళ్ళపాటు ఇంటికి రాలేదు. మా బర్మాలో సైనిక సర్కారు, వచ్చిన కుర్రాణ్ణి మళ్ళీ బయటికి పోనిస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి, ఆవిడే "రావొద్దు నాయనా" అంది. అని, అమ్మవారి గుడిలో మొక్కుకుంది. కొడుకుని కళ్ళారా చూసి, వాడి చేత్తో ముద్ద తినేదాకా నీచు ముట్టనని. చేపల పులుసు లేకుండా అన్నం దిగని మనిషి, అయిదేళ్ళు పప్పూ ఆకుకూరలతో నెట్టుకొచ్చింది.

మూడేళ్ళ కిందట ఆ కొడుకు ఓడ మరమ్మతుకి హవానా చేరింది. అక్కడికి రమ్మన్నాడు. ఆ ఓడకే కొత్తగా చేరే పనివాళ్ళు ముగ్గురితో కలిసి ఈవిడ విమానమెక్కుతుంది. అయితే దిగిన మూడో రోజుకి గానీ కొడుక్కి ఒడ్డుకి సెలవు దొరకదు. ఆ రెండు రోజులూ ఎవరిదో ఇంట్లో అద్దె గది, బయట తిండి. అందుకని క్యూబా తాతకి కబురు పెట్టింది.

"బావా, నాకు నీచు కూడదు. అక్కడ ఏటి దొరుకుతాది?"

నేను కాలు మీద కాలేసుకున్నాను. "దానికేం భయం వదినా? అన్నం, నల్లగింజల పప్పు. అచ్చం మన పప్పన్నమే. మూడు పూటలా అదే దొరుకుతుంది. నేను నెలల తరబడి తిన్నాను. కళ్ళు మూసుకుని తినెయ్యి."

ఆవిడ ముఖం తేటపడింది. "బతికించినావు బావా" అంది. నాకు లడ్డూ పెట్టింది.

ఆ లడ్డూ గర్వంతోనే మర్నాడు మధ్యాహ్నం భండారి మావ కొట్టుకొచ్చి ఈ ఉపకారం సంగతి చెప్పాను. కొట్టు నిండా జనం. ఆయన గరిట చేతిలో పట్టుకుని విన్నాడు. మూడుసార్లు కొట్టాల్సినవాడు ఒక్కసారే కొట్టి ఆగిపోయాడు.

"అది నాలిక మాటేటిరా?"

"నీ నాలుకే కదా మావా..."

"ఆ పప్పు ఏటేసి ఉడకబెడతారో నీకు సెప్పినానా, నేదా?"

చెప్పాడు. పదిసార్లు చెప్పాడు. పంది ఎముకో, పంది కొవ్వో వెయ్యకుండా ఆ పప్పు దింపరని చెప్పాడు. మాంసం వద్దంటే ముక్కలు ఏరేసి పులుసు పోస్తారని, ఆ మనుషుల లెక్కలో కొవ్వు మాంసం కిందికి రాదని చెప్పాడు. నేను కథ చెప్పేటప్పుడు ఆ ముక్క వదిలేసేవాణ్ణి. ఎందుకంటే దాంట్లో నవ్వు లేదు. మనవాళ్ళకి అన్నం పప్పు అనగానే శాకాహారమే. ఇంకో ఆలోచన రాదు. అలా అనుకుంటేనే కథకి అందం.

"ఆవిడ విమానం ఎప్పుడు?"

"రేపు పొద్దున్నే."

"లెగు."

"సాయంత్రం వెళ్ళి చెప్తాను మావా. ఇప్పుడు ఎండ..."

ఆయన పొయ్యి మీద నీళ్ళు చల్లాడు. నిండు మధ్యాహ్నం. బల్లల దగ్గర సగం తిన్నవాళ్ళున్నారు. "మీ అన్నం మీరే ఎట్టుకోండి. గిన్నెలు మూతెట్టండి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ కొట్టు పొయ్యి ఆ వేళప్పుడు ఆరడం ఎవరూ చూడలేదు. భార్య పోయిన ఏడాది కూడా మధ్యాహ్నం పొయ్యి వెలిగించిన మనిషి.

వీధిలో సైకా ఆపాడు. మా ఊరి సైకిల్ రిక్షా అది. తొక్కేవాడి పక్కన రెండు సీట్లు వీపులకి వీపులు ఆనించి ఉంటాయి. ఒకరు ముందుకి చూస్తారు, ఒకరు వెనక్కి. ఆయన ముందుకి కూర్చున్నాడు. నేను వెనక్కి. వెళ్ళే చోటు కనపడక, వదిలొచ్చిన రోడ్డే చూస్తూ పోయాను. నేరస్థుణ్ణి అలాగే తీసికెళ్ళాలి.

వీపు వెనకనుంచి మాటలు. "ఆవిడకి ఆ భాష రాదు. కాయితం రాసిస్తే పారేసుకుంటాది. సైగ నేర్పాల. గిన్నెని సూపించు. తరవాత ముక్కు పైకెత్తి పందిలాగ గుర్రుమను. తరవాత సెయ్యి అడ్డంగా ఊపు. ఏదీ, సేసి సూపించు, సూస్తాను."

"నువ్వటు తిరిగున్నావు, ఎలా చూస్తావు మావా?"

"ఇంటాను. గుర్రుమను."

పజుండౌంగ్ నుంచి మింగళ తౌంగ్‌న్యున్ దాకా, డెబ్బై ఏళ్ళు దాటినవాణ్ణి, ముక్కు వేలితో పైకి నొక్కి గుర్రుమంటూ పోయాను. వెనక వచ్చే బస్సు అద్దంలోంచి జనమంతా చూశారు. కాదు, డ్రైవరొక్కడే చూశాడు. కానీ హారను కొట్టాడు.

వదిన ఇంటి నిండా చుట్టాలు. పెట్టె తెరిచి ఉంది. మధ్యలో ఆవకాయ సీసాకి గుడ్డ చుడుతోంది ఆవిడ. నన్ను చూడగానే, "క్యూబా తాత వచ్చినాడు, కుర్చీ ఎయ్యండే" అంది. ఆ కుర్చీ చూశాక నా బుద్ధి మళ్ళీ గడ్డి తిన్నది.

"వదినా, ఇందాకే నాకు హవానా నుంచి ఫోనొచ్చింది. అక్కడి పాత స్నేహితుడు..."

వెనకనుంచి మావ దగ్గు వినిపించింది. పొడి దగ్గు. దాంట్లో రెండు అరలూ ఉన్నాయి.

"ఫోను రాలేదు వదినా" అన్నాను. "స్నేహితుడూ లేడు. నేను దలా పడవ తప్ప ఏ ఓడా ఎక్కలేదు. నీకు చెప్పినదంతా ఈ మావ మాట. అందులో అసలు ముక్క నేను మింగేశాను. ఆ పప్పులో పంది కొవ్వు ఉంటుంది. నా మాట నమ్మి తిన్నావంటే నీ మొక్కు పోతుంది."

ఆవిడ ఆవకాయ సీసా కింద పెట్టింది. నేను తిట్టు కోసం తలొంచుకున్నాను.

"నువ్వు ఓడెక్కలేదని నాకు తెల్దేటి బావా?" అంది. "పదేళ్ళ కిందటే మీ ఆవిడ సెప్పింది. ఈ వీధిలో అందరికీ తెల్సు. నువ్వు బాగా సెప్తావని ఇంటాం. తిండి సంగతి మటుకు నిజమేననుకున్నాను."

పదేళ్ళు! పదేళ్ళుగా నా ముందు నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్ళంతా నా మీద జాలితో కూర్చున్నారన్నమాట. ఓడ ఎక్కకుండానే మునిగిపోయాను.

అప్పుడు భండారి మావ ముందుకొచ్చి నేలమీద కూర్చున్నాడు. నన్ను చూపించి, "ఈడు ఓడెక్కలేదమ్మా, నిజమే. కానీ నాను సెప్పినవి మా ఇంట్లోవోళ్ళే మర్సిపోనారు. ఈడు దాసినాడు. ఒక్క ముక్క పారేసుకున్నాడు, అదిప్పుడు తెచ్చినాడు" అన్నాడు.

నన్ను అంతకుముందెవరూ అలా వెనకేసుకు రాలేదు. తర్వాతా రాలేదు.

ఆవిడకి అన్నీ వరసగా చెప్పాడు. ఏవి నాలిక మాటలో, ఏవి సెవి మాటలో విడదీసి మరీ. వేయించిన అరటికాయ కూడా ఏ నూనెలో వేయించారో అడగమన్నాడు. ఇంట్లో వండే చోటికే పొమ్మన్నాడు. పొద్దున్న రొట్టె, పళ్ళు, కాఫీ భయం లేకుండా తినమన్నాడు. చివర్న, "ఇది పాత నాలికమ్మా. నానెల్లి ఇన్నేళ్ళయింది. ఇప్పుడక్కడ సరుకు మరీ కరువని సెవి మాట. నువ్వు సూసొచ్చి నాకు సెప్పాల" అన్నాడు.

తర్వాత నాతో పంది వేషం వేయించాడు. గిన్నె చూపించి, ముక్కెత్తి, గుర్రుమని, చెయ్యి ఊపాను. ఇల్లు పగిలేలా నవ్వారు. అది జాలి నవ్వు కాదు. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది.

వదిన వెళ్ళింది, వచ్చింది. ఆవిడ చెప్పిందే చెబుతాను. విమానం దిగిన సాయంత్రం వీధంతా కరెంటు లేదట. "మనూరే అనుకుని బెంగ తీరిపోయింది" అంది. మొదట వెళ్ళిన హోటల్లో అట్ట మడిచి పక్కన పెట్టి ఈరోజు ఏముందని సైగ చేస్తే, గుడ్లున్నాయన్నారట. లేచి వచ్చేసింది. అద్దెకి దిగిన ఇంటావిడ దగ్గరికి పోయి గిన్నె చూపించి గుర్రుమంది. ఆ ఇంటావిడ నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడిందట. లేచి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసికెళ్ళి గరిటతో కలిపి చూపించింది. అడుగున ఎముక! ఆ రెండు రోజులూ చిన్న గిన్నెలో వేరే వండింది, నూనె, వెల్లుల్లి, బిర్యానీ ఆకుతో. ఆ కరువులో తన నూనె పోసి. మూడో రోజు కొడుకొచ్చాడు. తన చేత్తో మొదటి ముద్ద పెట్టాడు.

"ఏం ముద్ద వదినా?"

"ఆ పెద్ద గిన్నెలోదే బావా! ఎముకతో సహా."

వస్తూ వస్తూ ఆ ఇంటావిడ ఇచ్చిన నల్లగింజలు, చేరెడు, రుమాల్లో మూటగట్టి తెచ్చింది భండారి మావకి.

ఇక ఒక్క సంగతి మిగిలింది. అప్పటికే ఆయన వంట మారింది. మూత వాసన చూసేవాడు గానీ, చూసి చాలాసేపు ఆలోచించేవాడు. కూరలో ఉప్పు ఉండేది కాదు. మేము చొక్కా జేబుల్లో పొట్లంతో ఉప్పు తెచ్చుకుని, ఆయన అటు తిరిగినప్పుడు చల్లుకుని, "బాగుంది మావా" అనేవాళ్ళం. అప్పటికి అలా రెండేళ్ళు గడిచాయి.

ఆ గింజలు ఆయన రాత్రంతా నానబెట్టి, పొద్దున్నుంచి ఉడకబెట్టాడు. మూత తీశాడు. వాసన చూశాడు. గరిట కొట్టలేదు. ఒక గిన్నెలో అన్నం, దానిమీద పప్పు వేసి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు తెలడం నేదురా" అన్నాడు మెల్లిగా. "ముక్కూ పనిసెయ్యదు, నాలికా పనిసెయ్యదు. నువ్వు తిని సెప్పు. ఆ ఊరి పప్పులాగుందా?"

ఆ ఊరి పప్పు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? అచ్చం అదే మావా, హవానా రేవు కళ్ళముందు కదిలింది అని ఎత్తుకోవచ్చు. నోటి చివరిదాకా వచ్చింది కూడా. జేబులో ఉప్పు పొట్లం ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఆ ఊరిలాగుందో లేదో నాకు తెలీదు మావా. గింజ వెన్నలా ఉంది. వెల్లుల్లి తగుల్తోంది. ఉప్పు లేదు."

కళ్ళు తెరిచాడు.

"ఈరోజేనా?"

"రెండేళ్ళయింది."

"ఒక్కడూ సెప్పలేదేటిరా!"

జేబులోంచి పొట్లం తీసి బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆ పెద్ద పిడికిలితో బల్లమీద ఒక్క గుద్దు గుద్దాడు. గిన్నె ఎగిరిపడింది. తిడతాడనుకున్నాను. నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు. పొట్లం విప్పి, చిటికెడు తీసి, "సాలా?" అన్నాడు. ఇంకొంచెం అన్నాను. "సాలా?" చాలన్నాను. అప్పుడు లేచి గరిటతో గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టాడు.

మర్నాటి నుంచి ఆయన పోయేదాకా రోజూ నేను పదకొండింటికే వెళ్ళేవాణ్ణి. గిన్నెలన్నిట్లోంచి ఒక్కో చెంచా నా నోట్లో పెట్టేవాడు. నేను ఉప్పు చెప్పేవాణ్ణి. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. నా జన్మలో నేను పెంచకుండా చెప్పిన సంగతి అదొక్కటే.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాలకి కూతురే వండింది. విస్తళ్ళు వేశాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

"బావా, ఉప్పు సరిపోయిందా?"

తిని చూశాను. సరిపోయిందన్నాను. లోపలికెళ్ళింది. కాసేపటికి మూడు చప్పుళ్ళు వినపడ్డాయి.